ఫ్రీ సాఫ్ట్‌వేర్ గ్రూపులకి మాడరేటర్ ఎందుకు?

నేను ఉద్యోగం చేసే రోజుల నుంచే ఒక లినక్స్ యూజర్ల గ్రూపుకి మాడరేటర్‌గా ఉన్నాను. "జీతం లేదు, పేరు లేదు, రోజూ గొడవలు తీర్చే పని నీకెందుకు అన్నా?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. ఈ రోజు దానికి జవాబుగా ఒక నిజంగా జరిగిన కథ చెప్తాను.

ఎక్స్‌జెడ్ యూటిల్స్ అని ఒక చిన్న ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. పెద్ద ఫైళ్లని కుదించడం దాని పని. దాదాపు ప్రతి లినక్స్ సిస్టమ్‌లోనూ ఉంటుంది. మరి దాన్ని ఏళ్ల తరబడి చూసుకుంది ఎవరో తెలుసా? ఒకే ఒక్క మనిషి. అదీ జీతం లేకుండా, ఖాళీ టైమ్‌లో.

2022లో ఆ ప్రాజెక్ట్ చర్చల్లోకి కొన్ని కొత్త పేర్లు వచ్చాయి. పని నెమ్మదిగా జరుగుతోందని, బాధ్యత ఇంకొకరికి అప్పగించాలని వరసగా ఒత్తిడి పెట్టాయి. తన మానసిక ఆరోగ్యం బాగోలేదని, ఇది జీతం లేని హాబీ అని ఆయన మర్యాదగానే చెప్పారు. అయినా ఆగలేదు. సరిగ్గా అదే టైమ్‌లో జియా టాన్ అనే పేరుతో ఒకరు ఎంతో ఓపిగ్గా సాయం చేస్తూ వచ్చారు. మెల్లమెల్లగా ఆ పేరుకే ప్రాజెక్ట్ మీద అధికారం దక్కింది. 2024 ఫిబ్రవరి, మార్చిలో వచ్చిన 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఒక దొంగదారి పెట్టేశారు!

దాన్ని పట్టుకుంది ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీర్. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటి అని తవ్వుకుంటూ వెళ్లి, 2024 మార్చి 29న అందరికీ చెప్పారు. అందుకే పెద్ద డిస్ట్రోల స్టేబుల్ వెర్షన్లకి చేరకముందే ఆగిపోయింది. ఆ ఒత్తిడి పెట్టిన పేర్లు కూడా ఈ ప్లాన్‌లో భాగమేనని చాలామంది నిపుణుల అనుమానం.

ఇప్పుడు ఆలోచించండి. దాడి కోడ్‌తో మొదలవ్వలేదు. అలిసిపోయిన మనిషిని చర్చల్లో విసిగించడంతో మొదలైంది. అక్కడ ఇంకొకరు మధ్యలోకొచ్చి "ఆయన్ని వదిలేయండి, కావాలంటే మీరే ఒక చెయ్యి వెయ్యండి" అని ఉంటే? కథ మారేదో లేదో చెప్పలేం. కానీ ఆయన ఒంటరిగా మాత్రం ఉండేవారు కాదు.

"ఫ్రీ అంటే స్వేచ్ఛ కదా, మాడరేషన్ ఏంటి?" అని కొందరంటారు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే స్వేచ్ఛలు నాలుగు: వాడుకోవడం, చదివి మార్చుకోవడం, పంచుకోవడం, మార్చినదాన్ని పంచుకోవడం. ఎదుటివాడి టైమ్ మీద పెత్తనం ఆ నాలుగులో లేదు.

అలాగని కంప్లైంట్లన్నీ డిలీట్ చేస్తే ఇంకో ప్రమాదం. ఆ అర సెకను సంగతి కూడా ఒక కంప్లైంటే కదా! అందుకే మా గ్రూపులో కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. కోడ్‌లో తప్పు చూపిస్తే, ఎంత ఘాటుగా ఉన్నా ఉంచుతాం. మనిషిని తిడితే ముందు పర్సనల్‌గా మెసేజ్ పెడతాం. వేడి పెరిగితే స్లో మోడ్ ఆన్ చేస్తాం. కొత్త అకౌంట్ వచ్చిన రోజు నుంచీ తొందరపెట్టడం తప్ప ఇంకేమీ చెయ్యకపోతే, దాని మీద ఓ కన్నేసి ఉంచుతాం. ఎవరినైనా తీసెయ్యాలంటే ఇద్దరు మాడరేటర్లు ఒప్పుకోవాలి, కారణం గ్రూపులో రాయాలి. లేకపోతే మాడరేటరే పెత్తందారు అయిపోతాడు.

మీ ఫోన్లో కూడా ఎవరో ఖాళీ టైమ్‌లో రాసిన యాప్ ఒకటైనా ఉండే ఉంటుంది. "అప్‌డేట్ ఎప్పుడు?" అని టైప్ చేసే ముందు, ఏ వెర్షన్‌లో ఏ ప్రాబ్లమ్ వస్తోందో వివరంగా రాయండి. వీలైతే ఒక థాంక్స్ కూడా చెప్పండి. మీరు వాడే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఏదో కింద కామెంట్ చెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!