మన చెరువు మీద కొరమీను గద్ద: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వాళ్లకు స్పెషల్ ఎపిసోడ్

ఈ రోజు టాపిక్ ఆస్ప్రే. దాదాపు చేపలు మాత్రమే తిని బతికే గద్ద. పేరు వినగానే ఇదేదో డిస్కవరీ ఛానల్ పక్షి అనుకోకండి. పాత పక్షుల పుస్తకాల్లో దీనికి అచ్చ తెలుగు పేరుంది: కొరమీను గద్ద. కొరమీను మన తెలంగాణ రాష్ట్ర చేప కదా. ఆ చేప గాలి పీల్చుకోవడానికి మాటిమాటికీ నీళ్లపైకి రావాలి. ఈ గద్ద ఏమో మహా అయితే ఒక మీటరు లోతు దాకే అందుకోగలదు. పేరు అక్కడి నుంచే పుట్టి ఉంటుందని నా ఊహ.

ఇది మన దగ్గర గూడు కట్టదు. ఉత్తరాన ఎక్కడో చలి దేశాల్లో పిల్లలు చేసి, సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇటు దిగుతుంది. మార్చి, ఏప్రిల్‌లో తిరిగి పోతుంది. మన లెక్కలో చెప్పాలంటే బతుకమ్మకు వచ్చి, పరీక్షలయ్యే టైముకు పోతుంది. ఆ ఏడాది పుట్టిన పిల్ల కూడా అమ్మానాన్న తోడు లేకుండా, ఒంటరిగా వేల కిలోమీటర్లు ఎగిరి వస్తుంది. మనమేమో మ్యాప్ పెట్టుకుని కూడా హన్మకొండ గల్లీల్లో తిరుగుతుంటాం!

దీన్ని చూడ్డానికి అడవికి పోవాల్సిన పని లేదు. దానికి కావాల్సింది చేపలున్న నీళ్లు, కూర్చోడానికి ఎత్తైన చోటు. అది ఎండిపోయిన చెట్టైనా సరే, కరెంటు టవరైనా సరే. అందుకే టౌన్ పక్క చెరువు మీద కూడా కనబడొచ్చు. జనగామ వాళ్లు చీటకోడూరు రిజర్వాయర్ దగ్గర వెతకండి. మహబూబాబాద్ వాళ్లకు బయ్యారం పెద్ద చెరువు ఉంది. గణపతిదేవుడి సోదరి మైలాంబ కట్టించిన చెరువు అది. భూపాలపల్లి వాళ్లకు గణపురం చెరువు, ఇంకొంచెం దూరం పోతే కాళేశ్వరం దగ్గర గోదావరి. పోగానే కనబడుతుందని గ్యారంటీ ఏం లేదు, ఇవి వెతకదగ్గ చోట్లు.

ఇప్పుడు అసలు విషయం. ఫోన్ జూమ్‌తో తీస్తే ఆకాశంలో నల్ల చుక్క తప్ప ఏం రాదు. కాబట్టి ముందు కంటితో పోల్చుకోవడం నేర్చుకోవాలి. మనకు రోజూ కనబడే గద్ద ఒళ్లంతా గోధుమ రంగు, తోక చివర చీలినట్టుంటుంది. గరుడ పక్షికి తల, ఛాతీ తెలుపు, మిగతా ఒళ్లు ఇటుక రంగు. ఆస్ప్రే కింది నుంచి చూస్తే పొట్ట తెల్లగా మెరుస్తుంది. వీపు ముదురు గోధుమ. కంటి మీదుగా నల్లటి పట్టీ, గంతలు కట్టుకున్న దొంగలాగా. రెక్కలు పొడుగ్గా, సన్నగా, మధ్యలో మడత పడి ఉంటాయి. ఎదురుగా వస్తుంటే ఇంగ్లిష్ ఎం అక్షరంలా కనబడుతుంది. రెక్కలు చాపితే కొస నుంచి కొసకు ఒకటిన్నర మీటరు పైనే.

రంగుల్లో డౌట్ వస్తే అది చేసే పని చూడండి. నీళ్ల మీద గాలిలో ఒక్క చోటే రెక్కలు కొట్టుకుంటూ ఆగుతుంది. లకుముకి కూడా అలాగే ఆగుతుంది గానీ అది పిడికెడు పిట్ట, ముక్కుతో దూకుతుంది. ఆస్ప్రే కాళ్లు ముందుకు చాపి దబ్బుమని పడుతుంది. దాని కాలి బయటి వేలు వెనక్కి కూడా తిరుగుతుంది. అందుకే రెండు వేళ్లు ముందు, రెండు వెనక పెట్టి చేపను బిగిస్తుంది. అరికాళ్ల నిండా ముళ్లలాంటి గరుకు, ఎంత జారే చేపైనా తప్పించుకోలేదు. పైకి లేచాక గాలిలోనే ఒళ్లు విదిలించుకుని, చేప తలను ముందుకు తిప్పి పట్టుకుని పోతుంది. ఆ పోజు ఒక్కసారి చూస్తే ఇంక మర్చిపోరు.

ఇంకో షార్ట్‌కట్ ఉంది. చెరువు కాడ వలలేసే అన్నలను అడగండి. వాళ్లకు మనకంటే ఎక్కువ తెలుసు. ఎవరైనా "అది మా చేపలన్నీ తింటది" అంటే గొడవ పడకండి, లెక్క చెప్పండి. రోజుకు అది తినేది మూడు నాలుగు వందల గ్రాములు. అదీ నీళ్ల పైపైన దొరికినవే.

కనబడిందనుకోండి, తేదీ, టైము, చెరువు పేరు, ఏం చేస్తుందో ఈబర్డ్ యాప్‌లో ఎక్కించండి. ఫోటో లేకున్నా పర్లేదు. హైదరాబాద్ చుట్టూ చూసేవాళ్లు ఎక్కువ, రికార్డులూ ఎక్కువే. మన వైపు ఎవరూ రాయకపోతే మ్యాప్‌లో మన చెరువులు ఖాళీగానే కనబడతాయి. రేపు శిఖం భూమిలో మట్టి పోసేటప్పుడు "ఇక్కడ ఏముంది?" అంటే చూపించడానికి మన దగ్గర ఒక్క లైను కూడా ఉండదు.

ఇంకోటి, సంక్రాంతి. మనం పతంగులు ఎగరేసే జనవరిలో ఈ పక్షి ఇక్కడే ఉంటుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతా నిషేధించింది. అయినా దొరుకుతూనే ఉంది. అది నూలు దారంలా తొందరగా తెగదు, మట్టిలో కలవదు. చెట్టుకు చిక్కితే నెలల తరబడి అక్కడే వేలాడుతుంది. చెరువు గట్టున చెట్ల మీద కనబడితే తీసేయండి, కరెంటు తీగల మీదున్నది మాత్రం ముట్టుకోవద్దు.

దెబ్బ తగిలిన పక్షి దొరికితే గోళ్లతో జాగ్రత్త. మందపాటి గుడ్డ కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, చీకటిగా ఉంచండి. నోట్లో నీళ్లు పోయొద్దు. వెంటనే ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేయండి. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది షెడ్యూల్ 1 పక్షి, ఇంట్లో పెంచుకుంటామంటే కుదరదు.

సరే మరి, పొద్దున్నే పోండి, ఎండ మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. ఉంటాను.