పాత ట్రాక్టర్‌కు బలం

మన జహీరాబాద్‌లో మహీంద్రా వాళ్లు కొత్త ట్రాక్టర్లు తయారు చేస్తున్నా, మన నల్లరేగళ్లలో పాత బండ్లు ఇంకా దున్నుతూనే ఉన్నాయి. పుల్లింగ్ తగ్గిందనగానే డీజిల్ పంపు స్క్రూ తిప్పించకండి. గాలి చాలకుండా డీజిల్ పెంచితే నల్లపొగ వస్తుంది, వేడి పెరిగి పిస్టన్ తల కరిగిపోవచ్చు.

ముందు ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ విప్పండి. దుమ్ము రోజుల్లో అడుగున బురద పేరుకుంటుంది. కడిగి, కొత్త ఆయిల్ గీత వరకే పొయ్యండి. తర్వాత డీజిల్ ఫిల్టర్, టాపెట్ గ్యాప్ చూడండి. నాజిళ్లను పంపు షాపులో ప్రెషర్ పెట్టి చూపించండి. డీజిల్ చుక్కలుగా కారకూడదు, మంచులా చిమ్మాలి.

అప్పటికీ లాగకపోతే కంప్రెషన్ పోయి ఉండొచ్చు. గాలిని దాదాపు 16, 17 రెట్లు కుదిస్తేనే డీజిల్ బాగా మండుతుంది. రింగులు, లైనర్లు అరిగితే హాఫ్ ఇంజన్ పని చేయించుకోవాల్సిందే.