ట్రంకుపెట్టెలోని ముఖాలకు పేర్లు రాద్దాం

మా హాస్టల్‌లో చదివి ఇప్పుడు మాకంటే పొడవు పెరిగిన పిల్లలు కూడా ఈ సభలో కనిపిస్తున్నారు. వాళ్లను చూస్తే ధైర్యంగా ఉంది. ఈ పూట చెప్పబోయే పని వాళ్లే చేయాలి.

ముందు మా ఇంట్లో జరిగిన తప్పు ఒకటి చెప్పి, తర్వాత మీకు చెప్పాల్సింది చెబుతాం.

మా నాయనమ్మ పోయినప్పుడు దినాలకు ఫ్లెక్సీ వేయించాలన్నారు. ఆమెది విడి ఫోటో లేదు. ఒక పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటో మాత్రం పెట్టెలో దొరికింది. మధ్యలో నాయనమ్మ, చుట్టూ తోడికోడళ్లు, పక్కనే ఆమె తమ్ముడు. అప్పుడు ఎవరికీ తీరిక లేదు. కత్తెర తీసుకుని నాయనమ్మ ముఖం వరకు కత్తిరించి ఇచ్చేశాం. కత్తిరించింది ఇంకెవరో కాదు, మేమే. ఫ్లెక్సీ రోడ్డు మీద నాలుగు రోజులుండి గాలికి చిరిగిపోయింది. ఇచ్చిన ముక్క తిరిగి రాలేదు.

కొన్నేళ్లకు ఆ తమ్ముడి మనవరాలు మా హాస్టల్‌లో చేరింది. ఒక సాయంత్రం వచ్చి, "మేడమ్, మా తాత ఫోటో మీ ఇంట్లో ఉందంట కదా, ఒక్కసారి చూపిస్తారా?" అని అడిగింది. ఆ తాత ఫోటో ప్రపంచంలో అదొక్కటే. ఇంటికెళ్లి పెట్టె తీసి చూస్తే మిగిలింది ఒక భుజం, ఒక చెవి, సగం తలపాగా. ఆ పిల్లకు అదే చూపించాం. చాలాసేపు చూసి, "తలపాగా కట్టేవాడా?" అని మాత్రం అంది. ఆ మాట మాకిప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఈ పని మొదలుపెట్టింది ఆ రోజు నుంచే.

తమ్ముళ్లారా, మన కోయోళ్లకు బొమ్మలు దాచుకోవడం కొత్తేమీ కాదు. కొలుపులప్పుడు మన డోలీలు పడిగె విప్పుతారు కదా. ఆ గుడ్డ మీద మన మూలపురుషులు, మన వేల్పులు ఉంటారు. డోలు కొడుతూ ఒక్కొక్క బొమ్మను చూపించి, ఏ గట్టు వాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో పాడతారు. ఆ పాట లేకపోతే పడిగె ఒక రంగుల గుడ్డ. చెప్పేవాళ్లున్నారు కాబట్టే అది మన చరిత్రయింది. ఆ డోలు విద్యకే సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఫోటో సంగతీ అంతే. పేరు చెప్పేవాళ్లు ఉన్నంతకాలమే అది మన తాత ఫోటో. వాళ్లు పోతే ఎవరో ముసలాయన ఫోటో.

1940లలో హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు ఆదిలాబాద్ గోండుల్ని, నల్లమల చెంచుల్ని, గోదావరి ఒడ్డు కొండల్లోని కొండరెడ్లను ఫోటోలు తీశాడు. అవి లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆయన దాచడం మన అదృష్టమే. కానీ మన ఇళ్లలోని ట్రంకుపెట్టెలను, గోడ మీది ఫ్రేములను దాచడానికి లండన్ నుంచి ఎవరూ రారు. అది మన పనే.

తొందర ఎందుకంటే, మనది గోదావరి ఒడ్డు. భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో నీళ్లు 75.6 అడుగులకు వచ్చాయి. 2022 జూలైలో మళ్లీ 71 అడుగులు దాటాయి. ఆ వరదలో మా బంధువుల ఇంట్లో పెట్టె మొత్తం తడిసింది. తడిసిన ఫోటోలను ఆత్రంగా ఒకదాన్నుంచి ఒకటి లాగాం, ఎండలో పరిచాం. ముఖాలు ఊడి పక్క ఫోటోకు అంటుకున్నాయి. ఎండకు మిగిలినవి చుట్టుకుపోయాయి. ఇక పోలవరం ముంపు ఊళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. కాలనీలకు వెళ్లిపోయిన కుటుంబాలకు పాత ఊరి చింతచెట్టు, ముత్యాలమ్మ గుడి, తాటాకు ఇల్లు చూపించేది ఆ ఫోటోల వెనక కనిపించే చోటే. అందుకే పాత ఫోటోలో మనుషుల్నే కాదు, వెనకాల ఉన్నదాన్నీ కత్తిరించకండి.

ఇప్పుడు పని ఎలా చేయాలో చెబుతాం. దసరా సెలవులకు మా పిల్లలతో చేయించి చూసిన పద్ధతే ఇది.

మొదట పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. స్కానర్ తర్వాత, ముందు మనిషి. ఫోటో ఎన్నేళ్లయినా ఆగుతుంది, అవ్వ ఆగదు. ఐదు ప్రశ్నలు అడగండి: ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం సందర్భం, ఎవరు తీశారు. ఏ సంవత్సరమంటే అవ్వ చెప్పలేదు. "పెద్ద వరదకు ముందా, తర్వాతా? నాన్న పుట్టాడా అప్పటికి?" అని అడిగితే ఠక్కున చెబుతుంది. పెద్ద వరదంటే 1986 అని మనం లెక్క కట్టుకోవాలి. కచ్చితంగా తెలియకపోతే "1985 ప్రాంతం" అని రాయండి. ఊహించి అంకె వేయకండి. ఆమె మాటలను ఫోన్‌లో రికార్డు చేయండి. కోయ భాషలో చెబితే కోయలోనే ఉంచండి.

పేర్లు ఎడమ నుంచి కుడికి వరుసగా రాయండి. ఆడవాళ్ల దగ్గర "ఫలానా వాళ్ల భార్య" అని ఆపేయకండి. ఆమె పేరు, పుట్టింటి ఇంటిపేరు, గట్టు రాయండి. లేకపోతే రెండు తరాలకు మన అమ్మమ్మలు పేర్లు లేని మనుషులవుతారు.

ఫోటో వెనక బాల్‌పెన్నుతో రాయకూడదు. ఒత్తితే ముందువైపు గీత పడుతుంది, సిరా దిగుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున తేలిగ్గా రాయండి. నున్నటి కలర్ ఫోటోల మీద పెన్సిల్ పడదు. అలాంటప్పుడు కాగితం కవరులో పెట్టి, ఫోటో పెట్టకముందే కవరు మీద రాయండి. సెలోటేపు, గమ్, లామినేషన్ వద్దు. జిగురు పేజీల ఆల్బమ్‌లో అతుక్కున్నదాన్ని గోటితో పీకకండి. సన్నటి దారాన్ని కిందుగా నెమ్మదిగా పోనివ్వండి. ఫ్రేము అద్దానికి అంటుకుపోతే అసలు లాగొద్దు. అద్దంతో సహా ఫోన్‌తో తీసుకోండి. పెట్టెను నేల మీదా, రేకుల కప్పు కిందా, పొయ్యి పొగ తగిలే చోటా ఉంచకండి.

ఒకవేళ తడిస్తే, ఆరి అంటుకుపోకముందే రెండు రోజుల్లోపు చూసుకోవాలి. బురదను చల్లటి మంచినీళ్లలో మెల్లగా కదిపి వదిలించండి, రుద్దొద్దు. అంటుకున్నవి నీళ్లలోనే నాననిచ్చి విడదీయండి. ముఖం పైకి ఉండేలా గుడ్డ మీద పరిచి, నీడలో గాలికి ఆరబెట్టండి. ఎండ, ఇస్త్రీపెట్టె వద్దు. 2022లో ఇది మాకు తెలిసి ఉంటే చాలా ముఖాలు మిగిలేవి.

ఫోన్‌తో తీసేటప్పుడు కిటికీ వెలుతురు చాలు, ఫ్లాష్ వద్దు. లెన్సు తుడిచి, ఫోన్‌ను ఫోటోకు సమాంతరంగా పట్టుకోండి. వెనకవైపు కూడా తీయండి. మీసేవ దగ్గరో, నెట్ సెంటర్లోనో స్కాన్ చేయిస్తే మామూలు ఫోటోకు 300, చిన్న పాస్‌పోర్టు ఫోటోకు 600 డీపీఐ పెట్టమనండి. పక్కనే ఉండి చేయించుకుని, అసలు ఫోటో ఇంటికి తెచ్చుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఫైలుకు ఇంటిపేరు, ఊరు, సంవత్సరం, వరుస సంఖ్య పెట్టండి. మూడు కాపీలు ఉండాలి: ఒకటి ఫోన్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి వేరే ఊళ్లోని చుట్టాల దగ్గర. ఒకే ఇంట్లో మూడూ ఉంటే వరద మూడింటినీ తీసుకుపోతుంది. ఏడాదికోసారి పెన్‌డ్రైవ్ తెరిచి చూడండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. యాప్‌లతో రంగులు వేసుకుంటే వేసుకోండి, అసలుది మాత్రం అలాగే ఉంచండి. మన వేల్పుల ఫోటోలు, కొలుపులో లోపల జరిగేవి, పెద్దల్ని అడగకుండా నెట్‌లో పెట్టొద్దు. పాత ఫోటోలో అవ్వ కట్టు చూసి సిగ్గుపడి దాచేయకండి. అలాగని నలుగురూ నవ్వే చోటా పెట్టకండి. ఆ ఇంటివాళ్లను అడిగి పెట్టండి.

చివరగా ఒక్క కోరిక. వచ్చే ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం నాటికి ఒక్కొక్కరు పది ఫోటోలకు పేర్లు రాసి రండి. వంద అక్కర్లేదు, పది చాలు. మా హాస్టల్ తలుపు తెరిచే ఉంటుంది, పెన్సిళ్లు, కవర్లు మేమిస్తాం. ఆ సగం తలపాగా ముక్కను కూడా ఒక కవరులో పెట్టి, మీద ఆ తాత పేరు, మనవరాలి పేరు రాసి ఉంచాం. ఆ పెళ్లికి వచ్చినవాళ్ల ఇళ్లలో అదే ఫోటో ఇంకో ప్రతి ఉందేమో వెతుకుతున్నాం. మీ పెట్టెలు తీసినప్పుడు మధ్యలో ఒక అవ్వ, పక్కన తలపాగా కట్టుకున్న మనిషి ఉన్న పెళ్లి ఫోటో కనిపిస్తే మాకు కబురు పెట్టండి.

సెలవు. జై ఆదివాసీ.