తల్లి ముందుగా కూర్చునే పంక్తి

(పెద్దదోర్నాలలోని ఒక బాలికల వసతి కళాశాలలో, విద్యార్థినులు తమ తల్లులకు ఏర్పాటు చేసిన సహపంక్తి భోజన సందర్భంలో చేసిన ప్రసంగ పాఠం)

 

వంటశాల నుండి తాలింపు వాసన వస్తూండగా శాస్త్రం చెప్పబూనడం సాహసమే. పైగా గూడేల నుండి వచ్చిన తల్లులున్నారు. రాత్రి 9 గంటలకు శ్రీశైలం దారిలో అటవీశాఖ వారు గేటు మూసివేస్తారు. కనుక చెప్పదలచినదేదో వడ్డనకు ముందే చెప్పి ముగిస్తాను.

దోర్నాలకు పంక్తిభోజనం కొత్త కాదు. ఇది శ్రీశైల క్షేత్రానికి వాకిలి వంటి ఊరు. మహాశివరాత్రికి ఘాటు దారి పట్టే భక్తులకు ఇక్కడ అన్నం పెట్టి పంపడం పుణ్యమని మన పెద్దలు నమ్మారు. అటువంటి పంక్తులలో కూరలు తరిగేవారు, ఆకులు తీసేవారు చాలావరకు స్త్రీలే. అందరూ లేచాక గిన్నె అడుగున మిగిలినది వారి భోజనం. ఇళ్లలోనూ ఇదే వరుస. నేడు ఆ వరుస మారింది. తల్లులు కూర్చుంటారు, కూతుళ్లు వడ్డిస్తారు. "పిల్లలు వడ్డిస్తూంటే మేము ముందుగా తినడమేమిటి అయ్యగారూ, సిగ్గుగా ఉంది" అని ఇందాక కొందరు తల్లులు నాతో అన్నారు. ఆ సిగ్గుకు సమాధానంగానే ఈ నాలుగు మాటలు.

సంస్కృతంలో విద్యార్థికి అంతేవాసి అని పేరు. గురువు చెంత నివసించేవాడని అర్థం. నేటి మాటలో హాస్టలు విద్యార్థి. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, చదువు ముగిసిన అంతేవాసికి ఆచార్యుడు కర్తవ్యాలు బోధిస్తాడు. దైవంగా చూడవలసిన వారిని వరుసగా చెబుతూ తల్లిని మొదట, తండ్రిని తరువాత, ఆచార్యుని మూడవ స్థానంలో, అతిథిని నాలుగవ స్థానంలో నిలిపాడు. బోధించేవాడు తానే అయినా తన స్థానాన్ని ముందుకు జరుపుకోలేదు. ఈ రాత్రి మీ తల్లి మీ ప్రాంగణానికి అతిథిగా కూడా వచ్చింది. మొదటి స్థానమూ నాలుగవ స్థానమూ ఒక్కరివే అయినప్పుడు ఆమె ముందు విస్తరి వేయడంలో సంకోచమెందుకు?

ఇక ఆడపిల్లల చదువు మాట. హారీతుని ధర్మసూత్రవచనం ఒకటి పరాశర మాధవీయం వంటి నిబంధన గ్రంథాలలో ఉదాహరింపబడింది. స్త్రీలు రెండు విధాలని అందులో ఉంది: బ్రహ్మవాదినులు, సద్యోవధువులు. సద్యోవధువు అంటే వెంటనే పెండ్లికూతురయ్యే బాలిక. బ్రహ్మవాదినికి ఉపనయనం, అగ్నికార్యం, వేదాధ్యయనం, తన ఇంటిలోనే భిక్షాచరణం చెప్పబడ్డాయి. ఇది పూర్వకల్పపు ఆచారమని నిబంధనకారులు సర్దిచెప్పారు. కావచ్చు. ఆ భిక్ష సంగతి మాత్రం గమనించండి. మగ బ్రహ్మచారి ఇల్లిల్లూ తిరిగి భిక్ష ఎత్తాలి. అతడైనా మొదటి భిక్ష తల్లినో, తోబుట్టువునో, తల్లి తోబుట్టువునో అడగాలని, కాదనని వారినే అడగాలని మనువు అన్నాడు. బ్రహ్మవాదినికి భిక్ష తన ఇంటిలోనే. అంటే చదువుకునే కూతురికి నిత్యం అన్నం పెట్టినది తల్లి చేయి అని వేరే చెప్పనక్కరలేదు.

మన పశ్చిమ ప్రకాశంలో వాన ముఖం చాటేసిన ఏడు, తల్లులు గుంటూరు వైపు మిరపకాయ కోతలకు వెళతారు. ఎండలో మిరప ఘాటుకు కళ్లు మండుతూ తెచ్చిన కూలిలో కొంత ఈ పిల్లల పుస్తకాలకు, బస్సు చార్జీలకు వస్తున్నది. హారీతుడు చెప్పిన స్వగృహ భిక్ష ఇదే అని నా అభిప్రాయం.

బృహదారణ్యకోపనిషత్తు ఆరవ అధ్యాయంలో మరొక మాట ఉంది. పండితురాలైన కుమార్తె కలగాలని, ఆమె పూర్ణాయుష్షుతో జీవించాలని కోరే దంపతులు నువ్వులతో అన్నం వండించి, నేయి కలుపుకొని భుజించాలి. ఇక్కడ పాండిత్యమంటే గృహకృత్యాలలో నేర్పు అని శంకర భగవత్పాదులు భాష్యం వ్రాశారు. ఆచార్యులకు శిరసు వంచి నమస్కరిస్తూనే మనవి చేస్తున్నాను: మూలంలో ఆ పరిమితి లేదు, పండిత అన్న పదం ఒక్కటే ఉంది. అదే ఉపనిషత్తులో గార్గి జనకుని సభలో లేచి యాజ్ఞవల్క్యుని ప్రశ్నించింది. ఆమె అడిగినవి వంటింటి ప్రశ్నలు కావు. నాకు మూలమే హితంగా తోస్తున్నది. భుజించేవారు ఎవరు? క్రియ ద్వివచనంలో ఉంది, ఇద్దరూ తినాలి. తాను పస్తుండి కూతురిని పండితురాలిని చేయమని ఆ తల్లికి ఉపనిషత్తు చెప్పలేదు. నేయి వేసుకొని తినమని చెప్పింది. నా కోరికపై వంటవారు ఈ పూట నువ్వులపొడి అన్నం కూడా చేశారు.

ఒక మాట కటువుగానే చెప్పాలి. మాఘమాసం రాగానే మా ఇంటికి జాతకాలు పట్టుకొని వస్తారు. పిల్ల ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం; పరీక్షలు నెల రోజులలో ఉంటాయి. "మంచి సంబంధం, చేయి దాటితే మళ్లీ రాదు" అంటారు. నేను మొదట అడిగేది నక్షత్రం కాదు, పుట్టిన సంవత్సరం. పద్దెనిమిదేళ్లు నిండని బాలికకు పెండ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. మంత్రం చెప్పిన పురోహితుడూ శిక్షార్హుడే. వయసు నిండిన పిల్లకైనా పరీక్షల నడుమ ముహూర్తం పెట్టను. ముహూర్తాలు పంచాంగంలో ప్రతి ఏడూ ఉంటాయి. హారీతుడు రెండు దారులు చెబితే, సద్యోవధువు దారి ఒక్కటే శాస్త్రమని పట్టుకొని రెండవదానిని గడ్డి మొలవనిచ్చినది మనమే. "మా మాట ఇంట్లో చెల్లదు" అని మీరనవచ్చు. చాలా ఇళ్లలో అది నిజమే. ఆ తండ్రులను నా వద్దకు పంపండి.

అమ్మాయిలూ, మీ వైపు కూడా ఒక ఋణం ఉంది. 1909లో రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి ఎనిమిదేళ్లకే పెండ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ బంధం వద్దన్నారు. కాకినాడలో బాలికగా ఉన్నప్పుడే హిందీ పాఠశాల నడిపారు. అక్కడ హిందీ నేర్చుకున్నవారిలో ఆమె తల్లి కృష్ణవేణమ్మగారు కూడా ఉన్నారు. తరువాత 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభకు పునాది వేసినదీ, చదువు ఆగిన స్త్రీలను మెట్రిక్ పరీక్షకు కూర్చోబెట్టినదీ ఆ దుర్గాబాయి గారే. 2004 నుండి వెనుకబడిన ప్రాంతాల బాలికలకు నడుస్తున్న వసతి విద్యాలయాలకు కస్తూర్బా గాంధీ పేరు పెట్టారు. ఆ కస్తూర్బా 1883లో పసితనం వీడకముందే పెండ్లి అయి, చిన్ననాట బడి ఎరుగని స్త్రీ. మీ తల్లులలోనూ అక్షరం అందనివారున్నారు. ఇందాక హాజరు పుస్తకంలో కొన్ని వేలిముద్రలు చూశాను. ఈ రాత్రి ఇక్కడే ఉండిపోయే తల్లులకు, పడుకోబోయే ముందు వారి పేరు వ్రాయడం నేర్పండి. ఒక్క రాత్రిలో రాకపోతే సంక్రాంతి సెలవులున్నాయి.

గోడవారగా నిలబడిన చెంచు తల్లులు ముందుకు రావాలి. శ్రీశైల మల్లికార్జునుని మీరు చెంచు మల్లయ్యగా, మీ ఇంటి అల్లునిగా కొలుస్తారు. స్వామికి అత్తవారైనవారు పంక్తి చివర కూర్చోవడం ఏ శాస్త్రంలోనూ లేదు. ఊరి తల్లి పక్కన గూడెం తల్లి కూర్చోవాలి. విద్యావంతుడు కూర్చున్న పంక్తి పవిత్రమవుతుందని, అతడు పంక్తిపావనుడని ధర్మశాస్త్రకారులు అన్నారు. తల్లుల వడ్డన అయ్యాక మీరందరూ వారి పక్కనే కూర్చుంటారు కనుక ఆ లోటు కూడా ఉండదు.

వడ్డించే పిల్లలకు ఒక్క మాట. మీ అమ్మ "చాలు" అనగానే గరిటె వెనక్కు తీయకండి. ఆమెకు కడుపు నిండకముందే చాలు అనడం అలవాటు. ఇంకొక గరిటె వేసి, అప్పుడు అడగండి. నువ్వుల అన్నం చల్లారకముందే నేయి వడ్డించాలి. ఇక కానివ్వండి.