కూలి లెక్క ఎక్కడ రాశాం?



కార్మిక సంఘాల చరిత్ర మీద పరిశోధన చేసేవాళ్లు ముందు కాగితాలు వెతుకుతారు. మిల్లు హాజరు పట్టీలు, యూనియన్ తీర్మానాలు, కోర్టు కేసులు. వాటిలో పేరుంటే చరిత్రలో ఉన్నట్టు. ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టే ఆడమనిషికి హాజరు పట్టీ ఎక్కడిది? తెలంగాణ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ల సంగతులు కూడా, స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి అడిగి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అని పుస్తకం వేస్తేగానీ బయటికి రాలేదు.

గుజరాత్‌లో అహ్మదాబాద్ సంగతి చూడండి. 1918లో గాంధీగారు, అనసూయా సారాభాయ్ గారు నడిపిన మిల్లు సమ్మె తర్వాత 1920లో యూనియన్ వచ్చింది. అది మిల్లువాళ్లది. బట్టల బజారులో నెత్తిన మూటలు మోసే ఆడవాళ్లకు ఏమీ లేదు. ఎన్ని మూటలు మోశారో రాసే దిక్కు లేదు, ఇచ్చిందే కూలి. 1971లో వాళ్లు ఆ యూనియన్ మహిళా విభాగంలో ఉన్న ఇలాబెన్ భట్ గారికి చెప్పుకున్నారు. ఆమె పత్రికలో రాశారు. వ్యాపారులు, మేం న్యాయంగానే ఇస్తున్నామని ఎదురు రాయించారు. తెలివంటే ఇదీ! ఆ వ్యాపారుల మాటనే కార్డుల మీద అచ్చు వేయించి కూలీల చేతికిచ్చారు. మీరే రాశారు గదా, అంత ఇవ్వండి అని అడగడానికి.

తర్వాత ‘సేవా’ సంఘం పెట్టారు. రిజిస్ట్రేషన్‌కు పోతే కార్మిక శాఖవాళ్లు, మీకు యజమానే లేడు, ఎవరి మీద కొట్లాడతారు అన్నారు. కొట్లాటకే కాదు, పనిచేసేవాళ్లు ఒకటి కావడానికి కూడా యూనియన్ అని వాదించి, 1972లో రిజిస్టర్ చేయించుకున్నారు. 1974లో 4,000 మంది తలా 10 రూపాయలు వేసి బ్యాంకు పెట్టుకున్నారు. వాళ్లది ముందు యూనియన్, తర్వాత బ్యాంకు. మనం పొదుపు దగ్గరే ఆగిపోయాం.

మన మినిట్స్ పుస్తకం తీయండి. పొదుపు, అప్పు, వడ్డీ పైసాతో సహా ఉంటాయి. పత్తి ఏరితే కిలోకు ఎంత ఒప్పుకున్నారు, తూకంలో ఎంత పోయింది? ‘కూలి విషయం చర్చించడమైనది’ అని ఒక్క లైను. రేపు రైతు, అంత రేటు ఎప్పుడన్నాను అంటే ఏం చూపిస్తాం?

పుస్తకం రాసే అమ్మాయికి ఇప్పటికే పని ఎక్కువ. అందుకని వేరే నోటుబుక్కు పెడదాం. తేదీ, పని, ఒప్పుకున్న రేటు, చేతికొచ్చిన డబ్బు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు. పత్తి ఏరడం మొదలయ్యేలోపు ప్రతి గ్రామ సంఘానికి ఒక్కొక్కటి సమాఖ్య ఖర్చుతో ఇవ్వాలని ఈ సభలోనే తీర్మానం అడుగుతున్నాను.