పడవ తానుగా ఆగదు
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బలము, చలనము గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇందుకు పెద్ద గ్రంథాలు అక్కరలేదు. మన ఫిషింగ్ హార్బర్ చాలు.

వేట నుంచి తిరిగివచ్చే మరబోటును గమనించండి. జెట్టీ ఇంకా దూరాన ఉండగానే సరంగు ఇంజను వేగం తగ్గిస్తాడు. అయినా బోటు ముందుకు వస్తూనే ఉంటుంది. కదిలే వస్తువు తనంతట తాను ఆగదు, ఏదో ఒక బలం దానిని ఆపాలి. దీనినే జడత్వం అంటారు. న్యూటన్ మహాశయుడు 1687లో ప్రకటించిన మూడు చలన సూత్రాలలో ఇది మొదటిది.

జెట్టీ అంచున పాత టైర్లు ఎందుకు వేలాడదీస్తారు? చిన్న లెక్క వేద్దాం. 10 టన్నుల బోటు సెకనుకు 1 మీటరు వేగంతో వస్తున్నదనుకోండి. దానిని 5 సెకన్లలో ఆపడానికి సుమారు 200 కిలోల బరువుకు సమానమైన బలం చాలు. అర సెకనులో ఆపాలంటే 2 టన్నులు కావాలి. ఆగే వ్యవధి పదో వంతయితే తాకిడి పదింతలవుతుంది. టైరు నలిగి ఆ వ్యవధిని పెంచుతుంది. ఇది రెండవ సూత్రం.

ఇక మూడవది. చిన్న పడవలోంచి గట్టు మీదికి అడుగు వేసినవాడు ఆ పడవను వెనక్కి తంతాడు. పడవ జరిగిపోతే మనిషి నీళ్ళలో పడతాడు. అందుకే ముందు తాడు బిగించి, తరువాత దిగాలి.

అయితే తాడు తెంచినంత మాత్రాన పడవ మన మాట వినదు. 2023 నవంబరు 19 రాత్రి ఇదే హార్బరులో ఘోర అగ్నిప్రమాదం జరిగింది. మంటలు పాకకుండా ఉండాలని, కాలుతున్న బోట్లను తాళ్ళు తెంచి నీటిలోకి వదిలారనీ, గాలి, నీటి వాలు వాటిని తిరిగి జెట్టీ వైపుకే తెచ్చాయనీ అప్పట్లో పోలీసు అధికారులు తెలిపారు. పదుల సంఖ్యలో బోట్లు, వాటితోపాటు ఎన్నో కుటుంబాల బతుకుతెరువు బూడిదయ్యాయి. మనం పట్టు వదిలినా, తక్కిన బలాలు తమ పని మానవు.

ఇదంతా మనకెందుకంటారా? సిటీబస్సు ఆగకముందే దిగితే పాదం నేల మీద ఆగుతుంది, దేహం మాత్రం బస్సు వేగంతోనే ముందుకు పోతుంది. మన ఒంటికి టైర్లు కట్టినవారెవరూ లేరు! ఈ వయసులో తుంటి ఎముక విరిగితే మంచమే గతి, ఇంటిల్లిపాదికీ అవస్థ. కనుక ఎవరెంత తొందరపెట్టినా, బస్సు పూర్తిగా ఆగేవరకు చేతిలోని కడ్డీ వదలవద్దని మనవి.