రష్యా సింహాసనం, వారసత్వపు తగాదా, రైతు చెల్లించిన వెల

  

రష్యా తెలుగువారికి పరాయి దేశం కాదు. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల పుణ్యమా అని టాల్‌స్టాయ్, చెహోవ్, గోర్కీ మన ఇళ్లకు నడిచివచ్చారు. ఆ కథల్లో వెట్టి చేసే రైతును మనం బాగా ఎరుగుదుం. కానీ ఆ వెట్టికీ, రాజప్రాసాదంలో అర్ధరాత్రి జరిగిన కుట్రలకూ మధ్య ఉన్న సంబంధాన్ని మన చరిత్ర పాఠాలు పట్టించుకోలేదు. జార్ల చరిత్ర అనగానే పీటర్ మహాశయుడు నౌకలు కట్టాడు, కేథరిన్ వోల్టేర్‌తో ఉత్తరాలు నడిపింది అని చెప్పి ఊరుకుంటాం. నా వాదన ఒక్కటే. రష్యాలో తర్వాతి రాజు ఎవరన్న ప్రశ్నకు సమాధానం లేకుండా పోయిన కాలంలో, గద్దెనెక్కిన ప్రతివారూ తమను ఎక్కించినవారి రుణం తీర్చుకోవలసి వచ్చింది. ఆ రుణాన్ని రైతుతో తీర్చారు. తేదీలన్నీ ఆనాటి రష్యా పాత పంచాంగం ప్రకారమే చెబుతాను.

వారసత్వపు గండం రష్యాకు పీటర్‌తో మొదలైంది కాదు. 1581లో ఇవాన్ ది టెర్రిబుల్ ఆగ్రహంలో కొట్టిన దెబ్బకు పెద్ద కొడుకు చనిపోయాడు. మిగిలిన కొడుకు ఫ్యోదర్ సంతానం లేకుండా 1598లో మరణించడంతో రూరిక్ వంశం అంతరించింది. తర్వాత పదిహేనేళ్లు కరవు, అంతర్యుద్ధం, దొంగ రాజకుమారులు, పోలెండు సేనల ఆక్రమణ. 1613లో దేశసభ పదహారేళ్ల మిఖాయిల్ రొమానోవ్‌ను ఎన్నుకున్నాక గాని దేశం తెరిపిన పడలేదు. ఆ మిఖాయిల్ కొడుకు అలెక్సీ కాలంలో, 1649 న్యాయస్మృతితో, రైతును భూస్వామి నేలకు శాశ్వతంగా కట్టేశారు. పారిపోయిన రైతును ఎన్నేళ్ల తర్వాతైనా పట్టి తేవచ్చు. సెర్ఫుల వ్యవస్థకు చట్టపరమైన పునాది అది.

ఇక పీటర్. ఆయన గొప్పతనాన్ని కాదనే సాహసం నేను చేయను. 1703లో చిత్తడి నేలమీద పీటర్స్‌బర్గ్‌ను నిలిపాడు. 1709లో పోల్టావా దగ్గర స్వీడన్ రాజును ఓడించాడు. 1721లో చక్రవర్తి బిరుదు ధరించాడు. అయితే ఆయన కొడుకు అలెక్సీకి తండ్రి తలపెట్టిన పనులేవీ గిట్టలేదు. పూజలు, పాత ఆచారాలు, ప్రశాంతమైన జీవితం కోరుకున్న మనిషి. 1716లో తండ్రికి జడిసి వియన్నాకు పారిపోయి ఆస్ట్రియా చక్రవర్తి శరణు కోరాడు. పీటర్ మనుషులు నేపుల్స్‌లో అతన్ని పట్టుకుని, క్షమిస్తానన్న తండ్రి మాట వినిపించి వెనక్కు తెచ్చారు. ఆ మాట నిలవలేదు. సొంత కొడుకును కొరడాలతో కొట్టించి విచారించారు. పెద్దలంతా చేరి మరణశిక్షకు సంతకాలు పెట్టారు. శిక్ష అమలు కాకముందే, 1718 జూన్ 26న, పీటర్-పాల్ కోటలో అలెక్సీ ప్రాణం పోయింది. మర్నాడు పోల్టావా విజయ వార్షికోత్సవం. పీటర్ ఆ వేడుకను మానలేదు.

ఈ విషాదం నుంచే 1722 ఫిబ్రవరి 5 నాటి వారసత్వ శాసనం పుట్టింది. పెద్ద కొడుకుకే రాజ్యమన్న ఆచారం రద్దయింది. పాలించే చక్రవర్తి తనకు నచ్చినవారిని వారసులుగా ప్రకటించవచ్చు, నచ్చకపోతే తీసేయవచ్చు. ఈ శాసనాన్ని సమర్థిస్తూ ఫెయోఫాన్ ప్రొకోపోవిచ్ అనే మతాచార్యుడు పెద్ద గ్రంథమే రాశాడు. ఇంత చేసిన పీటర్ 1725 జనవరి 28న వారసుణ్ణి ప్రకటించకుండానే కన్నుమూశాడు. తాను రాసిన శాసనాన్ని తానే వాడుకోలేకపోయాడు. ఆ రాత్రి ప్రాసాదంలో పెద్దలు తర్జనభర్జన పడుతుండగా గార్డు సైనికులు హాల్లోకి చేరారు, బయట డప్పులు మోగాయి. లివోనియా రైతు కుటుంబంలో పుట్టి పీటర్‌కు భార్య అయిన కేథరిన్ మహారాణి అయింది.

అప్పటి నుంచి ప్రెయొబ్రజెన్‌స్కీ, సెమ్యోనొవ్‌స్కీ గార్డు రెజిమెంట్లు ఎవరి వెనక నిలిస్తే వారిదే కిరీటం. కేథరిన్ రెండేళ్లకు మించి బతకలేదు. తర్వాత వచ్చిన రెండో పీటర్ చచ్చిపోయిన అలెక్సీ కొడుకే. పదకొండేళ్లకు రాజై, పద్నాలుగేళ్లకు, పెళ్లి జరగవలసిన రోజునే, మశూచితో పోయాడు.

1730 దగ్గర మనం కాస్త ఆగాలి. రష్యా చరిత్ర మరో దారి పట్టేందుకు అవకాశమున్న కొద్ది వారాలవి. అత్యున్నత రహస్య మండలిలోని పెద్దలు, వారిలో ముఖ్యుడు ద్మీత్రి గలీత్సిన్, కుర్లాండ్‌లో విధవగా ఉన్న అన్నా ఇవానొవ్నాను పిలిచి గద్దెనిస్తామన్నారు. అయితే షరతులు పెట్టారు. మండలి అనుమతి లేకుండా యుద్ధం గాని సంధి గాని చేయరాదు, పన్నులు వేయరాదు, పెళ్లి చేసుకోరాదు, వారసుణ్ణి నిర్ణయించరాదు. ఆమె సంతకం పెట్టింది. మాస్కో చేరాక, అధికారమంతా ఆ కొద్దిమంది చేతుల్లో పడుతుందన్న భయంతో మిగతా ప్రభువంశీకులు ఆమె పక్షం చేరారు. గార్డులు సరేసరి. ఫిబ్రవరి 25న ఆమె అందరి ముందు ఆ కాగితాన్ని నిలువునా చింపింది. గలీత్సిన్ చివరికి ష్లిసెల్‌బర్గ్ కోటలో ఖైదీగా చనిపోయాడు.

గలీత్సిన్ ప్రజాస్వామికవాదేమీ కాదు. అతని షరతులు ఎనిమిదిమంది పెద్దల కోసమే. అయినా రాజు చేతికి ఒక కాగితమైనా అడ్డం పెట్టాలన్న ఆలోచన ఆ నేలమీద మొలకెత్తింది, దాన్ని చిదిమేశారు. చింపినందుకు ప్రతిఫలం ఆమెను బలపరచిన ప్రభువర్గానికి దక్కింది. పీటర్ కాలంలో వాళ్లు జీవితాంతం కొలువు చేయాలి. అన్నా 1736లో దాన్ని 25 ఏళ్లకు తగ్గించింది. రైతు కొలువుకు మాత్రం గడువు లేదు.

అన్నా తన అక్క కూతురి కొడుకును వారసుణ్ణి చేసింది. ఆరో ఇవాన్‌గా 1740 అక్టోబరులో చక్రవర్తి అయ్యేనాటికి ఆ బిడ్డకు రెండు నెలలు. 1741 నవంబరు 25 రాత్రి పీటర్ కూతురు ఎలిజబెత్ ప్రెయొబ్రజెన్‌స్కీ శిబిరానికి స్వయంగా వెళ్లి, సైనికులను వెంటబెట్టుకుని ప్రాసాదంలోకి నడిచి, ఊయలలో ఉన్న చక్రవర్తిని బందీ చేసింది. రష్యా రాజవంశ చరిత్రలో నన్ను అన్నిటికంటే కలచివేసేది ఈ పసివాడి కథ. అతని బొమ్మ ఉన్న నాణేలను వెనక్కు రప్పించారు, పేరున్న పత్రాలను తగలబెట్టారు. తల్లిదండ్రులతో సహా ఉత్తరాన ఖొల్మొగొరీకి పంపి, అక్కడ వారి నుంచి విడదీశారు. 1756లో ష్లిసెల్‌బర్గ్ కోటకు మార్చారు. ఎవరైనా విడిపించబోతే ఖైదీని చంపేయమని కావలివాళ్లకు రహస్య ఉత్తర్వు. 1764లో మిరోవిచ్ అనే యువ అధికారి ఆ ప్రయత్నం చేశాడు. కావలివాళ్లు ఉత్తర్వు పాటించారు. ఇరవై మూడేళ్ల ఆ యువకుడికి తాను రాజుననడం తప్ప మరో నేరం లేదు.

ఎలిజబెత్ మంచి మనసున్న రాణి అని పేరు. మరణశిక్షలు అమలు చేయనని మాట ఇచ్చి నిలబెట్టుకుంది. 1755లో మాస్కో విశ్వవిద్యాలయం ఆమె కాలంలోనే వెలిసింది. కానీ గద్దెనెక్కగానే ఆమె చేసిన రెండు పనులు గమనించండి. తనతో ఆ రాత్రి నడిచిన సుమారు 300 మంది గార్డు సైనికులలో సామాన్యులందరినీ వంశపారంపర్య ప్రభువులను చేసి, సెర్ఫులతో సహా భూములిచ్చింది. కొత్త పాలకురాలికి విధేయత ప్రమాణం చేసేవారి జాబితా నుంచి సెర్ఫు రైతులను తొలగించింది. అంతవరకు రైతు ఎంత బీదవాడైనా జారుకు ప్రజ. ఆ రోజు నుంచి అతని తరఫున భూస్వామే మాట్లాడతాడు. 1760లో భూస్వామి తనకు నచ్చని సెర్ఫును సైబీరియాకు పంపించే హక్కు కూడా వచ్చింది. ఉరితాడు వద్దన్న రాణి చేతిమీదుగానే ఇదీ జరిగింది.

1762లో రెండో కేథరిన్. జర్మనీలోని ఒక చిన్న సంస్థానపు రాకుమారి, రష్యా రక్తం లేదు, వారసత్వపు హక్కు లేదు. ఎలిజబెత్ తర్వాత గద్దెనెక్కిన ఆమె భర్త మూడో పీటర్ ఆరు నెలలు పాలించాడు. ఆ కొద్దికాలంలోనే ప్రభువర్గాన్ని తప్పనిసరి కొలువు నుంచి విముక్తం చేశాడు. జూన్ 28న ఓర్లోవ్ సోదరులు, గార్డులు కలిసి కేథరిన్‌ను గద్దెనెక్కించారు. కొద్ది రోజులకు మూడో పీటర్ రోప్షాలో కాపలావాళ్ల మధ్య చనిపోయాడు. మొలల వ్యాధి, కడుపునొప్పి అని ప్రకటించారు.

మన గోల్కొండ గనులదని చెప్పే ఓర్లోవ్ వజ్రం ఈ కథలోదే. ఆమ్‌స్టర్‌డామ్‌లో కొని గ్రిగోరీ ఓర్లోవ్ కేథరిన్‌కు సమర్పించాడు, ఆమె దాన్ని రాజదండంలో పొదిగించింది. కుట్ర నడిపి రాణిని చేసిన మనిషి ఇచ్చిన వజ్రాన్ని, ఆ తర్వాతి చక్రవర్తులంతా పట్టాభిషేకం నాడు చేతబట్టారు.

కేథరిన్ బుద్ధిమంతురాలు, శ్రమజీవి. 1767లో కొత్త చట్టాల కోసం ప్రతినిధుల సభ పిలిచి, మాంటెస్క్యూ, బెక్కారియాల భావాలతో తానే మార్గదర్శక పత్రం రాసింది. అదే ఏడాది ఆగస్టులో, భూస్వామిమీద రాణికి ఫిర్యాదు చేయడాన్ని సెర్ఫులకు నిషేధించింది. ఈ రెండూ ఒకే చేతి రాతలు. దీన్ని కపటమని కొట్టేయడం తేలిక. ఆమె స్వభావం కంటే ఆమె ఇరుకును చూడమంటాను. హక్కు లేకుండా గద్దెనెక్కిన మనిషి, తనను ఎక్కించిన వర్గం ఆస్తిని ముట్టుకోగలదా? ముట్టుకోలేదు. సరికదా, ఆస్థానికులకు వేలకు వేలు సెర్ఫులను కానుకలుగా పంచింది. 1785లో ప్రభువర్గానికి హక్కుల పత్రమిచ్చింది.

ఆ ఫిర్యాదు నిషేధానికి జవాబు యాయిక్ నది ఒడ్డున వచ్చింది. 1773లో యెమెల్యాన్ పుగచ్యోవ్ అనే కజాకు తానే బతికున్న మూడో పీటర్‌నన్నాడు. రైతులు ఎందుకు నమ్మారు? మూడో పీటర్ ప్రభువులను కొలువు నుంచి విడిపించాడు గనక తమను కూడా విడిపించబోతుండగానే ప్రభువులు అతన్ని దించేశారని వాళ్ల లెక్క. ఆ లెక్కలో న్యాయముంది. 1774 జులైలో పుగచ్యోవ్ సెర్ఫులందరికీ విముక్తి ప్రకటించాడు. 1775 జనవరిలో అతన్ని మాస్కోలో చంపారు. ఆ నది పేరు సైతం మార్చి ఉరల్ అన్నారు. ఆరు దశాబ్దాల తర్వాత పుష్కిన్ రాసిన పుగచ్యోవ్ చరిత్రకు ఆనాటి జారు ఒకటో నికొలాయ్ పేరు మార్పించాడు, ‘తిరుగుబాటు’ చరిత్ర అని ఉండాలన్నాడు. అలాంటి దొంగకు చరిత్ర ఉండదని ఆయన భావం.

1796లో కేథరిన్ పోయాక కొడుకు పావెల్ వచ్చాడు. తల్లి తనను తప్పించి మనవడికి రాజ్యమిస్తుందేమోనన్న భయంతో బతికినవాడు. యువరాజుగా ఉండగానే, 1788లో, భార్యతో కలిసి వారసత్వ నియమాలు రాసిపెట్టుకున్నాడు. 1797 ఏప్రిల్ 5న పట్టాభిషేకం నాడు వాటిని చదివి శాసనం చేశాడు. పెద్ద కొడుకుకే రాజ్యం. వంశంలో మగవాళ్లెవరూ మిగలకపోతేనే స్త్రీకి. 1725 నుంచి 1796 వరకు 71 ఏళ్లలో సుమారు 67 ఏళ్లు రష్యాను స్త్రీలే పాలించారు. అనిశ్చితికి కారణం స్త్రీలేనన్నట్టు పావెల్ తలుపు మూశాడు. కొందరు చరిత్రకారులు నేటికీ ఆ మాట తిప్పితిప్పి అంటారు. అది అన్యాయం. అనిశ్చితిని సృష్టించింది 1722 నాటి శాసనం. అదే రోజున పావెల్, ఆదివారం సెర్ఫులతో పని చేయించరాదని, వెట్టి వారానికి మూడు రోజులకు మించకూడదని మరో ప్రకటన చేశాడు. భూస్వాములు చాలాచోట్ల లెక్కచేయలేదు. కానీ శతాబ్దంలో మొదటిసారి సింహాసనం రైతు వైపు చూసింది, వారసత్వం స్థిరపడిన రోజే చూసింది. దీన్ని కాకతాళీయమని నేననుకోను.

పావెల్‌కు ఆ శాసనం ప్రాణరక్షణ ఇవ్వలేదు. 1801లో డాన్ కజాకులను హిందూదేశంమీదికి దండెత్తమని పంపాడు. మార్చి 11 రాత్రి సొంత అధికారులే పడకగదిలో ఆయన్ను చంపారు. కజాకులు దారిలోంచే వెనుదిరిగారు. వారసుడు అలెక్సాందర్‌కు కుట్ర సంగతి తెలుసు.

తర్వాతి కథ మీకు తెలిసిందే గనక క్లుప్తంగా చెబుతాను. 1825లో అలెక్సాందర్ పోయినప్పుడు, తమ్ముడు కాన్‌స్తాంతిన్ హక్కు వదులుకున్న పత్రం రహస్యంగా దాచి ఉండడంతో దేశం ముందు అతనికి, తర్వాత నికొలాయ్‌కి ప్రమాణం చేయవలసి వచ్చింది. ఆ సందిగ్ధంలోనే డిసెంబరిస్టులనే తిరుగుబాటు అధికారులు లేచారు. ఐదుగురిని ఉరితీశారు. మరో తరం గడిచాక, వివాదం లేకుండా గద్దెనెక్కిన రెండో అలెక్సాందర్ 1861 ఫిబ్రవరి 19న సెర్ఫులను విముక్తులను చేశాడు. భూమికి మాత్రం 49 ఏళ్ల వాయిదాలపై డబ్బు కట్టమన్నాడు. 1881 మార్చి 1న బాంబుకు బలయ్యాడు. 1917 మార్చి 2న రెండో నికొలాయ్, జబ్బుపడిన కొడుకు తరఫున కూడా సింహాసనం వదులుకున్నాడు. పావెల్ శాసనం ప్రకారం తండ్రికి ఆ హక్కు లేదు. తమ్ముడు మిఖాయిల్ మర్నాడు కిరీటం పుచ్చుకోనన్నాడు. 304 ఏళ్ల రొమానోవుల పాలన ముగిసింది.

నేటి యువ పరిశోధకులకు నా విన్నపం ఒకటి. రష్యా చక్రవర్తుల జీవితాలను తెలుగులో మళ్లీ రాయండి, రష్యన్ భాష నేర్చుకుని మూలపత్రాలు చదివి రాయండి. ఏ రాజు గద్దెనెక్కిన తేదీ రాసినా, ఆ ఏడాది భూస్వాములకు ఏమిచ్చాడో, రైతు నుంచి ఏమి తీసుకున్నాడో పక్కనే రాయండి. ఈ సదస్సు పత్రాలలో ఆ దిశగా వచ్చిన ప్రయత్నాలను శ్రద్ధగా వింటాను.